మీ మనసుకు తోచినంత

మా కోటగెడెలో ప్రసోజోని ఎరగనివాళ్ళు లేరు. సహకార సంఘం ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఎవరి ఫోను మొరాయించినా బాగుచేసి పెడతాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ అది నిజం కాదు. పచ్చిమిరపకాయల నుంచి మంత్రివర్గం దాకా దేని గురించయినా చక్కగా మాట్లాడతాడు. ధర చెప్పమన్నప్పుడే నాలుక మడతపడిపోతుంది. ఒకసారి పాత సైకిలు అమ్మబోయాడు. కొనడానికి వచ్చినవాడు ఎంతకిస్తావని అడిగితే చాలాసేపు నీళ్ళు నమిలి, టీ ఇచ్చి, వేయించిన టెంపే ముక్కలు పెట్టి, చివరికి మీకు తోచింది ఇవ్వండన్నాడు. వాడు తోచిందేదో ఇచ్చి, సైకిలుతో పాటు గాలి పంపు కూడా పట్టుకుపోయాడు. ఆనాటి నుంచి అతని భార్య వర్సిని ఇంట్లో ఏ వస్తువూ అతని చేత అమ్మించడం లేదు.

ఈ జబ్బు తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి, పాక్ దార్మో, ఒళ్ళు పట్టడంలో పేరున్న మనిషి. బెణికిన కాళ్ళూ, పట్టేసిన నడుములూ చుట్టుపక్కల నుంచి ఆయన దగ్గరికే వచ్చేవి. ఎంతివ్వమంటారని అడిగితే తల కూడా ఎత్తకుండా "మీ మనసుకు తోచినంత" అనేవాడు. వాళ్ళు కవరు ఒకటి చాప కింద దోపి వెళ్ళేవాళ్ళు. ధర చెప్పేవాడు వ్యాపారి, చెప్పనివాడు పెద్దమనిషి అని మావాళ్ళ లెక్క. ప్రసోజో చిన్నప్పుడే పెద్దమనిషి కావాలని నిశ్చయించుకున్నాడు.

వర్సిని మాత్రం వ్యాపారే. ఇంటి ముందు గదిలో బట్టలు ఉతికే కొట్టు నడుపుతుంది. వీధి మొగకి కనపడేలా ఎర్రటి బ్యానరు కట్టింది: కిలోకి ఏడు వేల రూపియా, అర్జెంటయితే పది వేలు. కాలేజీ కుర్రకారు మూటలు తెచ్చి త్రాసులో పడేస్తారు, మర్నాడు మడతలు పట్టుకుపోతారు. ఏదైనా మేజోడు తగ్గితే వచ్చి గొంతు చించుకుంటారు. వర్సిని కూడా తగ్గదు. అయిదు నిమిషాల్లో దెబ్బలాటా అయిపోతుంది, మేజోడూ దొరుకుతుంది.

కొట్టుకి ఉన్న గండమల్లా వానాకాలం. ఉన్నది ఒక్కటే డ్రయ్యర్. కిందటేడు వానలకి బట్టలు ఆరక ముక్కవాసన కొట్టాయి. సగం మంది కుర్రాళ్ళు వీధి చివర కొత్తగా వెలిసిన కొట్టుకి ఎగిరిపోయారు. ఆ కొట్లో మూడు డ్రయ్యర్లు. ఈ ఏడు కూడా ఇలాగే అయితే బ్యానరు విప్పుకోవడమేనని వర్సిని అంటుంటే, ప్రసోజో ఆవేశపడి ఒక మాట ఇచ్చేశాడు. తను చేస్తున్న యాప్ డబ్బుతో, వానలు పడే లోపల రెండో డ్రయ్యర్ తెచ్చి పెడతానన్నాడు. వర్సిని ఆ మాట నమ్మింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

యాప్ సంగతి చెప్పాలంటే బజారు సంగతి చెప్పాలి. మాకు అందరిలా ఏడు రోజుల వారం ఒకటి, దానితో పాటు అయిదు రోజుల సంత వారం ఒకటి: లెగి, పాహింగ్, పోన్, వాగె, క్లివోన్. రెండు పేర్లూ కలిపి చెబితేనే మాకది రోజు. పెళ్ళి ముహూర్తానికీ, ఇంటి శంకుస్థాపనకీ, పిల్లవాడి జాతకానికీ అదే ఆధారం. లెగి నాడు మా బజారు కోళ్ళతో, పిట్టల పంజరాలతో, పూలకుండీలతో రోడ్డు మీదకి పొర్లుతుంది. ఆ సంగతి మరిచిపోయి బజారు దారిన బయలుదేరిన ప్రతిసారీ ప్రసోజో ఆఫీసుకి ఆలస్యంగా చేరాడు. ఇవాళ లెగి అవునా కాదా అని ఫోనులో చూద్దామంటే, అప్పటికే ఉన్న యాప్‌లలో ముందు అప్పు కావాలా అని ఒక బొమ్మ, తర్వాత కలలో పాము కనపడితే ఫలితమేమిటో ఒక బొమ్మ, ఆ తర్వాత వశీకరణ తైలం. అవన్నీ దాటి రోజు పేరు దగ్గరికి వెళ్ళేసరికి అతను కోళ్ళ బుట్టల మధ్య ఇరుక్కుని ఉండేవాడు.

అందుకని తనే ఒకటి చేయడానికి పూనుకున్నాడు. పేరు దినా. మొదట్లో అందులోనూ అన్నీ పెట్టాడు: రోజు రంగు, దిక్కు, శుభాశుభాలు, నమాజు వేళలు, పొద్దు ఎప్పుడు గుంకుతుందో చూపించే చిన్న సూర్యుడు. తర్వాత ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టాడు. తీస్తున్నకొద్దీ అతనికి ఒళ్ళు తేలికయ్యేది. ముందు శుభాశుభాలు పోయాయి, తర్వాత రంగులు పోయాయి. అన్నిటికన్నా చివర, ఇదొక్కటీ ఎందుకని, ఆ సూర్యుణ్ణి కూడా తీసేశాడు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాల్లో రోజు పేరు ఒక్కటే మిగిలింది. ఏ మీటా లేదు, నొక్కడానికేమీ లేదు. దాన్ని చూసి ప్రసోజో పొంగిపోయాడు. వర్సినికి చూపిస్తే, ఇంకా తెరుచుకోలేదా అని అడిగింది.

ఆఫీసులో పక్క కుర్చీ బాగ్యో ఇంకా మొహమాటం లేని మనిషి.

"బంగారుకొట్టు వాడు ఏటా గోడ క్యాలెండరు ఊరికే ఇస్తాడు. అందులో ఈ పేరూ ఉంటుంది, పైన సముద్రం బొమ్మ కూడా ఉంటుంది. నీదాంట్లో సముద్రం కూడా లేదు. డబ్బులెవరిస్తారు?"

"క్యాలెండరు జేబులో పట్టదు కదా," అన్నాడు ప్రసోజో.

బాగ్యో తనకి తెలిసిన ఉపాయాలన్నీ చెప్పాడు. నెలనెలా చందా పెట్టమన్నాడు. పైన ప్రకటన ఒకటి వేలాడదీయమన్నాడు. మామూలు దినా, బంగారు దినా అని రెండు రకాలు చెయ్యమన్నాడు. బంగారు దాంట్లో ఏముంటుందని అడిగితే, రేపటి రోజు పేరు కూడా చెప్పమన్నాడు. ప్రసోజో అన్నిటికీ తల ఊపి ఇంటికి వచ్చాడు. ధర రాయాల్సిన గడి దగ్గర ఆగిపోయాడు. అయిదు వేలు రాస్తే తన కష్టాన్ని తనే చులకన చేసుకున్నట్టుంది. ముప్ఫయి వేలు రాస్తే ఒక్క మాటకి ఇంతా అని జనం నవ్వుతారనిపించింది. వారం పాటు ఆ గడి ముందు కూర్చున్నాడు. వర్సినికి ఓపిక నశించింది.

"నా బ్యానరు చూడండి. చదువుకున్నవాడు చదువుతాడు, రానివాడు అడుగుతాడు. అంకె రాయడానికి ఇంత సిగ్గయితే ఆ చెయ్యి ఇలా ఇవ్వండి, నేను రాస్తాను."

అతను చెయ్యి ఇవ్వలేదు. ఆ గడిలో సున్నా కొట్టి, యాప్ అడుగున చిన్న అక్షరాలతో తండ్రి మాట రాశాడు: మీ మనసుకు తోచినంత. దాని కింద బ్యాంకు క్యూఆర్ కోడ్ పెట్టాడు. అది చూసుకుని కళ్ళు చెమర్చాయి కూడా. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాడు.

ఉపవాసాల నెల ముగిసి లెబరాన్ పండగ వెళ్ళాక దినా బయటికి వచ్చింది. మా వీధి వీధంతా దాన్ని ఫోన్లలో పెట్టుకుంది. కోళ్ళవాళ్ళు పెట్టుకున్నారు, మొక్కలవాళ్ళు పెట్టుకున్నారు, పక్క ఊళ్ళకి కూడా పాకింది. డబ్బు మాత్రం రాలేదు. మావాళ్ళు పిసినారులు కారు. తక్కువిస్తే అతన్ని చిన్నబుచ్చినట్టు, ఎక్కువిస్తే గొప్పలకి పోయినట్టు. పక్కవాడు ఎంతిచ్చాడో తెలిస్తే తామూ అంత ఇద్దామని ప్రతివాడూ ఆగాడు. పక్కవాడు కూడా అందుకే ఆగి ఉన్నాడు. కొందరు ఏకంగా ప్రసోజోకే ఫోను చేసి, అందరూ ఎంతిస్తున్నారని అడిగారు. అతను వాళ్ళకి కూడా మీ మనసుకు తోచినంతే అన్నాడు. దాంతో వాళ్ళు తేల్చుకోలేక అరటిగెలలు పట్టుకొచ్చారు.

అరటిగెలలతో మొదలై, సలాక్ పళ్ళు, వేరుశనగ అప్పడాలు, సీసాల్లో పచ్చళ్ళు వచ్చాయి. కోళ్ళవాళ్ళలో ఒకడు కాళ్ళు కట్టేసిన పెట్టని గుమ్మంలో వదిలి వెళ్ళాడు. అది కట్లు తెంపుకుని ఉతికిన దుప్పట్ల మీదెక్కి నానా బీభత్సం చేసింది. వర్సిని దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది.

"దీన్ని డ్రయ్యర్ కొట్టువాడు తీసుకుంటాడేమో కనుక్కోండి," అంది.

ప్రసోజోకి ఆ మాట సూటిగానే తగిలింది. అయినా అతనికో ధైర్యముంది. ఇన్ని నెలల్లో దినా మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. బాగ్యో ఆఫీసు కోసం చేసిన ప్రోగ్రాముకి రోజుకో తిట్టు వస్తుంది. దినా గురించి అందరూ బాగుంది, చాలా బాగుంది అనే అంటున్నారు. అంత నిక్కమైన వస్తువుకి ఇవాళ కాకపోతే రేపయినా డబ్బు వస్తుందని అతని నమ్మకం. ఆకాశంలో మబ్బులు కట్టడం మొదలైంది. వర్సిని రోజుకోసారి బయటికొచ్చి పైకి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోతోంది. ఆమె ఏమీ అనకపోవడం అతనికి తిట్టుకన్నా ఎక్కువగా ఉంది.

అప్పుడు జరిగింది బు సుమిరా మనవరాలి సంగతి.

బు సుమిరా మా వీధిలో అందరికన్నా పెద్దది; బు అంటే మా భాషలో అమ్మ. ఆవిడ కూతురికి ఒక గురువారం సాయంత్రం, దీపాలు పెట్టాక, ఆడపిల్ల పుట్టింది. మా పద్ధతిలో రోజు పొద్దుగుంకడంతోనే మారిపోతుంది. గురువారం దీపాలు పెట్టారంటే శుక్రవారం రాత్రి వచ్చినట్టే. ఇది పాలు తాగే పిల్లకి తప్ప అందరికీ తెలుసు, ప్రసోజోకి కూడా తెలుసు. ఫోను గడియారానికి మాత్రం తెలియదు. దానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. చిన్న సూర్యుణ్ణి తీసేసినప్పుడు ప్రసోజో దానితో పాటు పొద్దుగుంకడాన్ని కూడా తీసేశాడన్నమాట. పిల్ల తండ్రి పట్నంవాడు, ఉత్సాహవంతుడు. పిల్ల కేరుమనగానే దినా తెరిచి చూస్తే గురువారం పోన్ అని ఉంది. ముప్ఫయ్యయిదు రోజులకి అదే రోజు మళ్ళీ వస్తుంది. ఆ రోజు పిల్లకి జుట్టు తీసి నలుగురికీ భోజనం పెట్టడం మా ఆచారం. అతగాడు దినా చెప్పినట్టే గురువారానికి పిలుపులు అచ్చు వేయించాడు.

పిల్ల నాయనమ్మ, ఇంకో ఊరావిడ, తన లెక్క ప్రకారం శుక్రవారం వాగె అని వంటవాళ్ళని పిలుచుకుంది. కన్నతల్లికి అచ్చు పిలుపెందుకని కొడుకు పంపలేదు. ఒకరినొకరు అడగలేదు, అడిగితే అనుమానించినట్టవుతుందని. గురువారం బు సుమిరా ఇంట్లో జుట్టు తీశారు, భోజనాలు పెట్టారు. శుక్రవారం నాయనమ్మ బండి నిండా అన్నం పొట్లాలతో, కొబ్బరి కలిపిన కూరలతో, బంధుబలగంతో దిగింది. కత్తెర తీసేసరికి పిల్ల తల గుమ్మడికాయలా నున్నగా ఉంది. అంతమంది ముందర నాయనమ్మ చిరునవ్వు చెదరకుండా, ఈ ఊళ్ళో పొద్దు గుంకదేమో పాపం అంది. బు సుమిరా తలెత్తుకోలేకపోయింది.

ఆ ఆదివారం సాయంత్రం ఆవిడ ప్రసోజో ఇంటికి వచ్చింది. కూర్చుంది. టీ తాగింది. మిరపకాయల ధర గురించి, వానల గురించి, మేనల్లుడి మోకాలి గురించి మాట్లాడింది. మా ఊళ్ళో ఎవరైనా ఇన్ని విషయాలు మాట్లాడారంటే కొంప మునిగిందని అర్థం. ప్రసోజో ఆవిడ గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు. మడతలు పెడుతున్న వర్సినే చివరికి అడిగింది, బు మీరేదో చెప్పడానికి వచ్చారని.

బు సుమిరా గ్లాసు కింద పెట్టింది. "ఆ దినా ధరెంత నాయనా?"

"మీ మనసుకు తోచినంత, బు."

"నా మనసుకి ఇప్పుడేం తోస్తోందో చెబితే నువ్వు తట్టుకోలేవు," అంది ఆవిడ.

అప్పుడు మొత్తం చెప్పింది. ప్రసోజో మొహం తెల్లబోయింది. సూర్యుడి సంగతి ఆ క్షణంలోనే తట్టింది అతనికి. ఇప్పుడే సరిచేస్తానని లేవబోయాడు. ఆవిడ కూర్చోమంది. పొద్దుగుంకాక దినా తప్పు చెబుతుందని మొదటి వారంలోనే వీధంతా కనిపెట్టిందట. కోళ్ళవాళ్ళకి తెలుసు, మసీదు దగ్గర వాళ్ళకి తెలుసు, తనకీ తెలుసు. దీపాలు పెట్టాక దాన్ని చూడకూడదని అందరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. అల్లుడి పిలుపుల మీద గురువారం చూసినప్పుడే ఆవిడకి పొరపాటు తెలిసిపోయింది. కొత్తల్లుడికి చెప్పలేకపోయింది. ప్రసోజోకి అంతకన్నా చెప్పలేకపోయింది.

"ఇన్ని నెలలూ ఒక్కరూ నాకెందుకు చెప్పలేదు బు?" అని అడిగాడు ప్రసోజో.

"ఎలా చెప్పమంటావు? నువ్వు ఊరికే ఇచ్చావు. ఊరికే ఇచ్చినదాన్ని బాగాలేదంటే మనుషులమేనా మేము? మీ నాన్నతోనూ ఇదే అవస్థ. నాకు నెప్పి ఎడమ భుజం. ఆయనకి ఎందుకో కుడి భుజమని బుర్రలో పడిపోయింది. ఏళ్ళ తరబడి కుడి భుజమే పట్టాడు మహానుభావుడు. మనసుకు తోచింది చాప కింద పెట్టి, ఎడమ భుజం నెప్పితోనే ఇంటికి పోయేదాన్ని. అయిదొందలని ఒక్క మాట అని ఉంటే, అయిదొందలు తీసుకున్నావు, ఎడమది పట్టు అనేదాన్ని కదా."

వర్సిని మడత పెడుతున్న చొక్కాతో మొహం కప్పుకుంది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రసోజోకి నవ్వు రాలేదు. జీవితమంతా ఎవరి చేతా ఒక్క మాట పడని మనిషి తన తండ్రి అని ఇన్నాళ్ళూ గర్వపడ్డాడు. తన తప్పు తనకి తెలియకుండానే పోయాడే నాన్న అని ఇప్పుడు దుఃఖం వచ్చింది. ఆయన మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు అతనికి.

వర్సిని వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మింగుడుపడని ముద్ద మింగినట్టు గుటక వేసి, "ఇరవై వేలు," అన్నాడు.

వర్సిని చొక్కా దించి అతన్ని పరాయి మగవాణ్ణి చూసినట్టు చూసింది.

"పన్నెండు," అంది బు సుమిరా వెంటనే.

"ఇరవై, బు." ఈసారి గొంతు కొంచెం నయంగా పలికింది.

ఆవిడ సంచీలోంచి చిన్న పర్సు తీసింది. నోట్లు చాప కింద పెట్టలేదు, అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆ తర్వాత కొంగు దోపుకుని మొదలుపెట్టింది. నాయనమ్మ ముందు పోయిన పరువు దగ్గర ఆరంభించి, రెండుసార్లు వండిన అన్నం మీదుగా, చత్వారం వచ్చిన కళ్ళకి కనపడని ఆ చీమల్లాంటి అక్షరాల దాకా వచ్చింది. సూర్యుడంతటివాణ్ణి తీసేసేవాడికి పెళ్ళాం గుర్తుండటం అదృష్టమంది. నెలల తరబడి కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. ప్రసోజో చేతులు కట్టుకుని విన్నాడు. ఒళ్ళంతా చెమట పడుతున్నా అతనికి హాయిగా ఉంది. తన వస్తువు గురించి ఒక మనిషి నిజం మాట్లాడటం అతను వినడం అదే మొదలు.

మర్నాడు దినాలో రోజు పొద్దుగుంకడంతోనే మారడం మొదలైంది. తెర మీద కొత్తగా ఏమీ చేరలేదు, అక్షరాలు మాత్రం ఉబ్బాయి. అడుగునున్న మాట పోయి ధర వచ్చింది. ఇకమీదట కావాలంటే ఇరవై వేలు కట్టాలి. చాలామంది తీసి పారేశారు. మిగిలినవాళ్ళు హమ్మయ్య అని కట్టారు, కట్టిన పది నిమిషాల్లో తిట్లు మొదలుపెట్టారు. దయ్యాలు తిరిగే క్లివోన్ రాత్రి తెర నల్లగా ఉండాలని ఒకడు, ఉండకూడదని ఇంకొకడు. భోజనాల దగ్గర ప్రసోజో అవన్నీ వర్సినికి చదివి వినిపించేవాడు, పెళ్ళి సంబంధాలు వచ్చినంత సంబరంగా. వానలు డ్రయ్యర్ కన్నా వారం ముందే దిగాయి. ఆ వారం మా వీధి కుర్రాళ్ళ ప్యాంట్లన్నీ ప్రసోజో మంచం చుట్టూ ఆరాయి. వాటి మధ్య నుంచి వంగి వంగి నడుస్తూ, ఆలస్యమయినందుకు వర్సిని చేత తనివితీరా తిట్లు తిన్నాడు. వారం తిరిగాక డ్రయ్యర్ దిగింది, కొట్టు నిలబడింది.

ఆ తర్వాతి లెగి నాడు అతను బజారు దారినే వెళ్ళాడు, కావాలనే. పిట్టల పంజరాల దగ్గర, వేరే ఊరినుంచి వచ్చిన మనిషి ఒకతను పక్కవాడి ఫోనులో దినా చూసి, ఇదెంత అని అడుగుతున్నాడు. పక్కవాడు ప్రసోజో వైపు చూపించాడు.

"ఇరవై వేలండీ," అన్నాడు ప్రసోజో.

ఆ మనిషి తెర కేసి చూశాడు. వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. వెనక ఇంకేమైనా ఉందేమోనని ఫోను తిప్పి కూడా చూశాడు.

"ఒక్క మాటకి ఇరవై వేలా? ఎక్కువే."

"ఎక్కువేనండీ," అన్నాడు ప్రసోజో. అని నవ్వుతూ అక్కడే నిలబడ్డాడు.